అమీర్‌పేట ఫీజు ఎవరి ఖాతాలో రాయాలి?

మన సాఫ్ట్‌వేర్ కంపెనీల వార్షిక నివేదికలు ఎప్పుడైనా తిరగేశారా? ఎగుమతులు ఇంత, ఒక్కో ఉద్యోగి మీద రాబడి ఇంత, పోయినేడాది కంటే ఇంత శాతం ఎక్కువ అని రంగురంగుల బొమ్మలేసి మరీ చూపిస్తారు. క్లయింట్ల గురించి పేజీలకు పేజీలుంటాయి. ఆఫీసు ఆవరణలో నాటిన మొక్కల గురించి కూడా ఓ పేజీ ఉంటుంది. మైత్రీవనం పేరు మాత్రం ఎక్కడా కనబడదు. కంపెనీ లెక్కల్లో దాని పేరెందుకుంటుంది, అది మనం కట్టుకున్న ఫీజు కదా అంటారా? సరిగ్గా ఆ సంగతి మాట్లాడదామనే ఈ టపా.

కొన్నాళ్ళుగా అంతర్జాతీయ వాణిజ్యం మీద అర్థశాస్త్రం వాళ్ళు రాసిన పరిశోధనా పత్రాలు చదువుతున్నాను. నేను చదివింది ఇంజనీరింగ్. కాబట్టి ఇందులో పండితుణ్ణేం కాను. కానీ వాళ్ళు పాతికేళ్ళుగా పట్టుకు వేలాడుతున్న ప్రశ్న ఒకటి మనందరికీ పనికొచ్చేదే. ఏ దేశం లెక్కలు తీసినా ఎగుమతులు చేసే కంపెనీలు మిగతా వాటికంటే పెద్దవిగా, ఉత్పాదకత ఎక్కువున్నవిగా కనబడతాయి. ఉత్పాదకత అంటే ఇక్కడ అర్థం ఏమీ లేదు, అంతే మంది మనుషుల్ని, అంతే పెట్టుబడిని పెట్టి ఎంత ఎక్కువ సరుకు తీశారు అని. మరి, మంచి కంపెనీలు కాబట్టి ఎగుమతి చేస్తున్నాయా? లేక ఎగుమతి చేసీ చేసీ మంచి కంపెనీలయ్యాయా?

మొదటి జవాబు మార్క్ మెలిట్జ్ అనే ఆయనది. 2003లో వచ్చిన ఆయన పేపరు ఈ రంగంలో అందరూ చదివి తీరేది. సారాంశం ఇది. విదేశీ మార్కెట్‌లోకి వెళ్ళాలంటే ముందుగా కొంత ఖర్చు పెట్టాలి. క్లయింటుని వెతుక్కోవాలి, అక్కడి రూల్స్ తెలుసుకోవాలి, అక్కడో ఆఫీసు తెరవాలి. ఆ ఖర్చు తట్టుకోగలిగేవి ముందే బాగా నడుస్తున్న కంపెనీలు మాత్రమే. అవి ఎగుమతులు మొదలుపెట్టి పెరిగేకొద్దీ మనుషుల కోసం పోటీ పెరుగుతుంది, జీతాలు పెరుగుతాయి, బలహీనమైన కంపెనీలు మూతబడతాయి. చివరికి దేశం మొత్తం మీద సగటు ఉత్పాదకత పెరుగుతుంది. గమ్మత్తేంటంటే ఏ ఒక్క కంపెనీ కొత్తగా ఏమీ నేర్చుకోకపోయినా సరే, సగటు పెరుగుతుంది! మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే, టీములో రేటింగ్ తక్కువున్న ఇద్దర్ని పంపించేస్తే టీము సగటు రేటింగ్ పెరిగినట్టు. మిగిలిన వాళ్ళెవరూ ఒక్క లైను కోడు అదనంగా నేర్చుకోలేదు, కానీ మేనేజరు స్లైడు మాత్రం బాగుంటుంది :-)

రెండో జవాబుకి ఈజిప్టు వెళ్ళాలి. అక్కడ ఫువ్వా అనే ఊళ్ళో చేత్తో తివాచీలు నేసే చిన్న చిన్న వర్క్‌షాపులున్నాయి. డేవిడ్ ఆట్కిన్, అమిత్ ఖండేల్వాల్, ఆడం ఉస్మాన్ అనే ముగ్గురు అక్కడ ఒక ప్రయోగం చేసి 2017లో అచ్చేశారు. కొందరు నేతగాళ్ళని లాటరీ పద్ధతిలో ఎంచి వాళ్ళకి విదేశీ ఆర్డర్లు వచ్చే ఏర్పాటు చేశారు, మిగతావాళ్ళని అలాగే ఉంచారు. లాటరీ కాబట్టి "వీళ్ళు ముందే మంచివాళ్ళులే" అనడానికి వీల్లేదు. ఆర్డర్లు అందినవాళ్ళ లాభాలు 16 నుంచి 26 శాతం పెరిగాయి. గంటకి నేసే కొలత మొదట తగ్గింది, ఎందుకంటే విదేశీ కొనుగోలుదారు అడిగేది నాణ్యత. తర్వాత రెండు వర్గాల చేతా ఒకే రకం తివాచీ నేయించి చూస్తే, ఎగుమతి చేసినవాళ్ళదే మెరుగ్గా ఉంది, దానికి వాళ్ళు ఎక్కువ సమయమూ తీసుకోలేదు. అంటే నిజంగానే నేర్చుకున్నారన్నమాట.

మన ఐటీ కథలో ఈ రెండూ ఉన్నాయి. క్లయింటు కోడ్ రివ్యూలో పెట్టిన వాతలు, ఎస్‌ఎల్‌ఏలు, ఆడిట్‌లు, సీఎంఎం లెవెళ్ళ కోసం పడిన పాట్లు... ఇవన్నీ ఫువ్వా నేతగాడు నేర్చుకున్నట్టు మనం నేర్చుకున్నవే. 1998 నవంబరులో మాదాపూర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికీ ఇప్పటికీ హైదరాబాదు కంపెనీల పనితనంలో తేడా ఎవరూ కాదనలేరు.

అయితే ఈజిప్టు ప్రయోగంలో నాకు నచ్చిన చిన్న విషయం ఒకటుంది. అక్కడ నేర్చుకునే ఖర్చు ఎవరు భరించారు? ఆ వర్క్‌షాపు యజమానే. మొదట్లో నేత నెమ్మదించింది, ఆ నష్టం ఆయనదే. తర్వాత లాభం వచ్చింది, అదీ ఆయనదే. ఖర్చూ ఆదాయమూ ఒకే పుస్తకంలో ఉన్నాయి కాబట్టి పరిశోధకులు లెక్క తేల్చగలిగారు.

మన దగ్గర ఆ పుస్తకం రెండు ముక్కలైంది. సంపాదన ముక్క హైటెక్ సిటీలో ఉంది. నేర్చుకునే ఖర్చు ముక్క అమీర్‌పేటలో ఉంది.

అమీర్‌పేట గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మెట్రో దిగగానే ఫ్లెక్సీలు, పాంప్లెట్లు పంచే కుర్రాళ్ళు, ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకులు, ఉదయం ఏడింటి బ్యాచ్‌కి నిండిపోయే హాళ్ళు, ఫ్రీ డెమో, జిరాక్స్ షాపుల్లో అమ్మే ఎవరిదో చేతిరాత రన్నింగ్ నోట్స్. ఎస్సార్ నగర్ నుంచి పంజాగుట్ట దాకా సందుకో హాస్టలు. ఆ ఫ్లెక్సీల్ని నేను వాణిజ్య పత్రికలా చదువుతాను. ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్స్, తర్వాత జావా, డాట్‌నెట్, శాప్, టెస్టింగ్ టూల్స్, హడూప్, డెవాప్స్, డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ. అమెరికాలో ఏ బ్యాంకు ఏ సాఫ్ట్‌వేర్ కొంటుందో ఆర్నెల్లు తిరిగేసరికి ఇక్కడ ఫ్లెక్సీ మారుతుంది. ఏ వాణిజ్య మంత్రిత్వ శాఖకీ ఇంత వేగం లేదు. ఇది వెటకారం కాదు. ఇంత తక్కువ ఫీజుకి, ఇంత త్వరగా, ఇంతమందికి కొత్త టెక్నాలజీ నేర్పే చోటు ఇంకోటి చూపించడం కష్టం. ఊళ్ళో కాలేజీకి కాంపస్ ఇంటర్వ్యూలు రాని పిల్లలకి ఇదొక్కటే దారి. అమీర్‌పేటని చూసి నవ్వేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

నా గొడవల్లా బిల్లు గురించే. ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది సర్వే కాదు, ఊరికే ఉదాహరణ, మీ అంకెలు మీరు వేసుకోండి. డిగ్రీ అయ్యాక ఒక కుర్రాడు ఎనిమిది నెలలు ఇక్కడ ఉన్నాడనుకుందాం. హాస్టలు, తిండి నెలకి 7 వేలు చొప్పున 56 వేలు. రెండు మూడు కోర్సులకి 35 వేలు. బస్సులు, ఫోను, టిఫిన్లు నెలకి 3 వేలు చొప్పున 24 వేలు. మొత్తం లక్షా 15 వేలు. ఆ ఎనిమిది నెలలూ ఊళ్ళోనే ఏదో ఒక పని చేసుకుని నెలకి 15 వేలు తెచ్చుకునేవాడైతే పోగొట్టుకున్నది ఇంకో లక్షా 20 వేలు. రెండూ కలిపితే 2 లక్షల 35 వేలు. సర్వీసు కంపెనీల్లో ఫ్రెషర్ జీతం ఏడాదికి మూడు, మూడున్నర లక్షలు. అంటే మొదటేడు జీతంలో మూడింట రెండొంతులు ఉద్యోగం రాకముందే ఖర్చయిపోయింది. అప్పు చేస్తే వడ్డీ వేరు. ఉద్యోగం రాకపోతే ఆ మొత్తం బూడిదలో పోసిన పన్నీరే.

ఇప్పుడు కంపెనీ వైపు నుంచి చూడండి. ఆ కుర్రాడు చేరిన నెలలోనే ప్రాజెక్టులోకి వెళ్ళి బిల్లింగ్‌కి వచ్చాడు. కంపెనీ పుస్తకాల్లో అతనొక ఉద్యోగి, అతనికిచ్చే జీతం ఒక ఖర్చు, అతని మీద వచ్చే డాలర్లు రాబడి. ఆ ఎనిమిది నెలలూ లెక్కలో లేవు. పరిశోధకుడు ఆ పుస్తకాలు తీసుకుని ఉత్పాదకత లెక్కగడితే, కుటుంబం పెట్టిన పెట్టుబడి కాస్తా కంపెనీ సామర్థ్యంలాగా కనబడుతుంది. ఖర్చుల్లోంచి ఒకటి జారిపోతే ఉత్పాదకత పెరిగినట్టే ఉంటుంది కదా! మన ఎగుమతుల ఘనతంతా ఇదేనని నేననడం లేదు. ఎంతో కొంత ఇది కూడా ఉందని, దాన్నెవరూ కొలవడం లేదని అంటున్నాను.

దీనికి అర్థశాస్త్రంలో తయారుగా ఉన్న జవాబొకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. గ్యారీ బెకర్ (1992లో నోబెల్ వచ్చింది) 1964 నాటి తన పుస్తకంలో చెప్పిన మాట. జావా లాంటి, ఏ కంపెనీలోనైనా పనికొచ్చే విద్యని కంపెనీ తన డబ్బుతో నేర్పదు. నేర్పితే మర్నాడే పక్క కంపెనీ వంద ఎక్కువిచ్చి ఎగరేసుకుపోతుంది. కాబట్టి ఆ ఖర్చు నేర్చుకునేవాడే పెట్టుకుంటాడు, తర్వాత ఎక్కువ జీతం రూపంలో రాబట్టుకుంటాడు. ఇందులో మోసమేమీ లేదు.

ఒప్పుకుంటాను. కానీ ఆ జవాబు నిలబడాలంటే కొన్ని షరతులున్నాయి. నేర్చుకునేవాడికి న్యాయమైన వడ్డీకి అప్పు పుట్టాలి. ఏం నేర్చుకుంటే ఏం వస్తుందో ముందే తెలియాలి. నేర్చుకున్నాక జీతం పెరగాలి. మన దగ్గర మూడూ కుంటివే. బీటెక్‌కి బ్యాంకు లోను ఇస్తుంది గానీ అమీర్‌పేట కోర్సుకీ హాస్టలుకీ ఎవరిస్తారు? నాన్న తెచ్చిన చేబదులో, అమ్మ గాజులో. సమాచారం సంగతి సరేసరి, ఫ్లెక్సీ మీద రాసిందే సమాచారం. ఇక జీతం. పెద్ద సర్వీసు కంపెనీల్లో ఫ్రెషర్‌కి 2010 ప్రాంతంలో ఇచ్చిన మూడు లక్షల పైచిలుకు, పదేళ్ళు దాటాక కూడా దాదాపు అక్కడే ఉందని మనందరికీ తెలిసిందే. ఈలోగా హాస్టలు అద్దె, పాల ప్యాకెట్టు, బస్ పాస్ ఎక్కడికి వెళ్ళాయో కూడా తెలిసిందే. బెకర్ చెప్పిన తిరుగు ముట్టడం ఎక్కడుంది? అది దొరికేది మూడు నాలుగేళ్ళు నిలదొక్కుకుని కంపెనీ మారినవాళ్ళకి. మిగతావాళ్ళకి లేదు.

సమాచారం గురించి మన రాష్ట్రం మీదే చేసిన అధ్యయనం ఒకటుంది. ఎమిలీ ఆస్టర్, బ్రైస్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు కర్ణాటక, తమిళనాడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల లెక్కలు తీసి, కాల్ సెంటర్ల లాంటి కేంద్రాలు వచ్చిన చోట పిల్లల చేరికలు ఏమయ్యాయో చూశారు (2013లో అచ్చయింది). ఒక్కో కొత్త కేంద్రానికీ ప్రాథమిక బడుల్లో చేరికలు 5.7 శాతం పెరిగాయి. ఆ పెరుగుదల ఎక్కువగా ఇంగ్లీషు మీడియంలోనే. అసలు విశేషం ఏంటంటే ఆ ప్రభావం కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఆగిపోయింది. ఉద్యోగాలున్నాయన్న కబురు అంతకంటే దూరం వెళ్ళలేదన్నమాట. అది చదివాక నాకు ఎస్సార్ నగర్ హాస్టళ్ళు కొత్తగా అర్థమయ్యాయి. ప్రొద్దుటూరు, పాల్వంచ, పలాస నుంచి వచ్చే కుర్రాడు ఇక్కడ కొనుక్కునేది జావా ఒక్కటే కాదు, ఆ కొద్ది కిలోమీటర్ల లోపల ఉండే హక్కు కూడా. ఏ కంపెనీ తీసుకుంటోంది, ఇంటర్వ్యూలో ఏం అడుగుతున్నారు, ఏ కోర్సు పాతబడింది అన్న కబుర్లు టీ కొట్టు దగ్గరే తెలుస్తాయి. దానికి అద్దె కడుతున్నాడు.

ఇక వీసాల సంగతి. గౌరవ్ ఖన్నా, నికొలాస్ మొరాలెస్ అనే ఇద్దరు 1994 నుంచి 2010 దాకా కథని తీసుకుని ఒక లెక్క కట్టారు. హెచ్1బీ ఆశతో ఇక్కడ చాలామంది కంప్యూటర్ సైన్స్ వైపు మళ్ళారు. వీసాల సంఖ్యకి పరిమితి ఉంది కాబట్టి అందరూ వెళ్ళలేరు. వెళ్ళలేనివాళ్ళు ఇక్కడే ఉన్నారు, వెళ్ళినవాళ్ళలో కొందరు పని నేర్చుకుని తిరిగొచ్చారు. అలా అమెరికా ఆశ వల్ల తయారైన జనంతోనే ఇక్కడి ఐటీ పెరిగి, ఎగుమతుల్లో చివరికి అమెరికానే దాటింది. రెండు దేశాలూ కలిపి చూస్తే మొత్తం మీద లాభమే. మేధోవలస అని మనం ఏడ్చినదాంట్లో ఇంత మేలుందని చూపించిన మంచి పని ఇది.

కానీ మొత్తం మీద లాభం అంటే ఒక్కొక్కరికీ లాభం అని కాదు. ఆ వీసాల సంఖ్య ఎలా మారిందో చూడండి. 65 వేలుండేది 1999లో లక్షా 15 వేలయింది, 2001 నుంచి 2003 దాకా లక్షా 95 వేలు, 2004లో మళ్ళీ 65 వేలు (ఆ తర్వాత అమెరికాలో పీజీ చేసినవాళ్ళకి అదనంగా 20 వేలు). వాషింగ్టన్‌లో ఎవరో చేసిన చట్టానికి ఇక్కడ రెండేళ్ళ ముందే కోర్సులో చేరినవాడు చేసేదేముంది? 2001లో డాట్‌కామ్ బుడగ పేలినప్పుడు, 2008లో లేమాన్ మునిగినప్పుడు కంపెనీలు ఏం చేశాయి? ఆఫర్ లెటర్లు ఇచ్చి జాయినింగ్ తేదీలు వాయిదా వేశాయి. 2022 తర్వాత మందగమనంలోనూ అదే చూశాం. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము అని అమెరికా అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. కంపెనీ ఏం చేస్తుంది? పనిని అక్కణ్ణుంచి ఇక్కడికి మార్చుకుంటుంది, లేకపోతే కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేస్తుంది. వాణిజ్యంలో వచ్చే కుదుపుకి కంపెనీ దగ్గర స్ప్రింగులున్నాయి. కుర్రాడి దగ్గర లేవు. నేర్చుకునే ఖర్చుతో పాటు ఆ నేర్చుకున్నది పనికిరాకుండా పోయే ప్రమాదాన్ని కూడా ఇంటివాళ్ళే మోస్తున్నారు. నా అసలు అభ్యంతరం ఇదే.

"ప్రపంచమంతా ఇంతే, ఇంకోలా కుదరదు" అనేవాళ్ళకి ఒక ఉదాహరణ చెప్తాను. దూరం పోనక్కర్లేదు. 7-1-27, అమీర్‌పేట. 2001 ఏప్రిల్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయినప్పుడు డాక్టర్ రెడ్డీస్ కంపెనీ చిరునామా అది. ఇన్‌స్టిట్యూట్లకి పక్కనే, అదే అమెరికా మార్కెట్‌కి ఎగుమతి చేస్తూ పెరిగిన ఇంకో కథ. అంజిరెడ్డి గారు పుణేలోని నేషనల్ కెమికల్ ల్యాబొరేటరీలో పీహెచ్‌డీ చేసి, ప్రభుత్వ రంగంలోని ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 1970 పేటెంట్ చట్టం మందుకి కాకుండా మందు తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చేది కాబట్టి, నార్‌ఫ్లాక్సాసిన్ లాంటి మందుల్ని కొత్త పద్ధతుల్లో చవగ్గా చేయడం మనవాళ్ళు నేర్చుకున్నారు. 1995లో డబ్ల్యూటీవో వచ్చి 2005 నుంచి ఆ వెసులుబాటు పోతుందని తెలిశాక, కంపెనీ సొంత పరిశోధన మీద డబ్బు పెట్టింది. 1993లోనే రీసెర్చ్ ఫౌండేషన్ మొదలైంది. 1997లో బాలగ్లిటాజోన్ అనే డయాబెటిస్ మందు అణువుని నోవో నార్డిస్క్‌కి లైసెన్స్ ఇచ్చారు. అది మార్కెట్‌లోకి రానేలేదు. ఆ నష్టం ఎవరిది? కంపెనీది, వాటాదారులది. ఆ ల్యాబులో పనిచేసిన కెమిస్టుల నాన్నలు దానికోసం పొలం తాకట్టు పెట్టలేదు.

ఫార్మా అంతా పుణ్యక్షేత్రమని చెప్పబోవడం లేదు. బొల్లారం, పటాన్‌చెరు చెరువుల్ని అడిగితే ఆ రంగం ఏ ఖర్చుని ఎవరి మీద వేసిందో అవి చెప్తాయి. నేర్చుకునే ఖర్చు మాటకే పరిమితమైతే మాత్రం తేడా స్పష్టంగా ఉంది. హైదరాబాదులో ఆ ఖర్చు మొదట ప్రభుత్వం ఖాతాలో ఉండేది. ఐడీపీఎల్, ఈసీఐఎల్, తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనశాల (ఇప్పటి ఐఐసీటీ) జీతమిచ్చి మరీ పని నేర్పాయి. ఫార్మాలో అది కంపెనీ ఖాతాలోకి మారింది. ఐటీలో మాత్రం, కాంపస్‌లో ఎంపికైనవాళ్ళని పక్కన పెడితే, కుటుంబం ఖాతాలోకి జారింది. కాంపస్‌లో ఎంపికైనవాళ్ళకి మైసూరు లాంటి చోట నెలల తరబడి శిక్షణ ఇచ్చిన కంపెనీలున్న మాట నిజమే. ఇవ్వగలరని అదే రుజువు. ఇవ్వనిది కాంపస్‌కి ఆవల ఉన్నవాళ్ళకి.

కొత్తవి కనిపెట్టడం సంగతి కూడా దీనికి ముడిపడే ఉంది. 1991 తర్వాత మన దేశంలో దిగుమతి సుంకాలు తగ్గినప్పుడు ఏం జరిగిందో గోల్డ్‌బర్గ్, ఖండేల్వాల్, పావ్చ్నిక్, టొపలోవా కలిసి 2010లో ఒక పేపరు రాశారు. మన ఫ్యాక్టరీలు కొత్తగా తెచ్చిన ఉత్పత్తుల్లో 31 శాతానికి కారణం ముడిసరుకుల మీద సుంకాలు తగ్గడమేనట. బయటి నుంచి కొత్త సరంజామా చేతికొస్తే మనవాళ్ళు కొత్త వస్తువులు చేస్తారన్నమాట. ఐటీలో మన ముడిసరుకు జ్ఞానం. అది ఈ రోజుల్లో దాదాపు సుంకం లేకుండానే దిగుమతి అవుతోంది, అమీర్‌పేట దాని రేవు. మరి కొత్త ఉత్పత్తులేవీ? నాకు తోచిన కారణం ఒకటే. సరంజామా కొన్నవాడూ, దాన్ని వాడేవాడూ వేర్వేరు. తన డబ్బు పెట్టి నేర్పించిన మనిషితో కంపెనీ కొత్తదేదైనా చేయించాలనుకుంటుంది. ఊరికే వచ్చిన మనిషిని గంటల లెక్కన బిల్లు చేసి ఊరుకుంటుంది. రిసోర్స్ అన్న మాట ఊరికే పుట్టలేదు.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పంజాగుట్ట చుట్టుపక్కల కొన్ని కన్సల్టెన్సీలు ఏం అమ్ముతాయో మనందరికీ తెలుసు. లేని కంపెనీ పే స్లిప్పులు, మూడేళ్ళ అనుభవం, కావాలంటే ప్రాక్సీ ఇంటర్వ్యూ. తప్పే, అందులో సందేహం లేదు, నిజాయితీగా కష్టపడేవాడి నోటి దగ్గర కూడు లాక్కోవడం అది. కానీ ఆ సరుక్కి గిరాకీ ఎలా పుట్టింది? ఫ్రెషర్‌ని తీసుకుని నేర్పే ఖర్చు ఎవరూ పెట్టకుండా అందరూ రెండేళ్ళ అనుభవమే అడిగితే, ఆ మొదటి రెండేళ్ళు ఎక్కడ దొరకాలి? దొరకని సరుకుకి నకిలీ తయారవుతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఎంత గట్టిగా చేసినా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది.

మరేం చేయాలి? నాకు తోచినవి మూడు.

ఒకటి, అప్రెంటిస్‌షిప్. కొత్త చట్టం అక్కర్లేదు, 1961 నాటి చట్టం ఉంది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మందీ ఆపైన పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి, స్టైపెండ్‌లో కొంత కేంద్రమే భరిస్తుంది. ఇక్కడ ఏస్‌మోగ్లు, పిష్కె 1998లో జర్మనీ అప్రెంటిస్‌ల మీద రాసిన పేపరు బెకర్‌కి మంచి జవాబు. నేర్పిన కంపెనీకి ఆ మనిషి ఎలాంటివాడో పక్క కంపెనీకంటే బాగా తెలుస్తుంది. ఆ తెలియడం వల్ల వచ్చే లాభం కోసమే అక్కడి కంపెనీలు అందరికీ పనికొచ్చే విద్యని కూడా తమ ఖర్చుతో నేర్పుతున్నాయని వాళ్ళ వాదన. మన దగ్గరకొస్తే దీంతో రెండు పనులవుతాయి. ఏడాది కళ్ళ ముందు పనిచేసినవాడి అనుభవం నకిలీదా కాదా అని ఏజెన్సీ పెట్టి వెతకక్కర్లేదు.

రెండు, కంపెనీల నివేదికలో రెండు అంకెలు చేర్చమనాలి. ఈ ఏడాది ఎంతమంది ఫ్రెషర్లని తీసుకున్నారు, ఏ జీతానికి? ఆఫర్ ఇచ్చి ఎంతమందిని ఎన్ని నెలలు ఆపారు? మొక్కల పేజీ పక్కన చోటుంటుంది.

మూడు, ఇన్‌స్టిట్యూట్లు ఫ్లెక్సీ మీద ఉద్యోగం వచ్చినవాళ్ళ ఫోటోలతో పాటు బ్యాచ్‌లో మొత్తం ఎంతమందో కూడా రాయాలి. నలభై ఫోటోలు వేస్తే సరిపోదు, నాలుగొందల మందిలో నలభయ్యా, యాభైలో నలభయ్యా? ఆ ఒక్క అంకె తెలిస్తే చాలామంది నాన్నలు తమ అప్పు గురించి మంచి నిర్ణయం తీసుకుంటారు.

ఇక అర్థశాస్త్రం పరిశోధకులకి ఓ విన్నపం. కంపెనీల పుస్తకాల నుంచి మీరు తీసే ఉత్పాదకత అంకెలో మా ఇళ్ళ ఖర్చు కలిసిపోయి ఉంది. ఒకసారి ఉదయం ఏడింటి బ్యాచ్ బయట నిలబడి, వచ్చేవాళ్ళని మూడు ప్రశ్నలు అడగండి. ఎంత ఖర్చయింది, ఎవరిచ్చారు, ఎన్నాళ్ళయింది? అదీ లెక్కలో కలిపాక మన ఎగుమతుల ఉత్పాదకత ఎంత మిగులుతుందో చూద్దాం. తగ్గినా నేనేం బాధపడను. ఎవరి కష్టం వాళ్ళ పేరు మీద రాసి ఉంటే చాలు.

మీరేమంటారు? మీ ఎనిమిది నెలల లెక్క ఎంత తేలింది? వీలైతే అంకెలతో సహా రాయండి.